రక్షణ బడ్జెట్ గురించి మన ఎంపీలు ఎందుకు మాట్లాడరు?

ఈ ఎపిసోడ్‌లో రెండు టాపిక్‌లు కలిపి మాట్లాడుకుందాం. ఒకటి రాజకీయ సంస్కరణ, రెండోది దేశ భద్రత. మన టీవీల్లో ఈ రెండూ వేరు వేరు డిబేట్లు. సంస్కరణ అనగానే ఎన్నికల ఖర్చు, పార్టీ ఫిరాయింపులు అంటారు. దేశ భద్రత అనగానే మ్యాప్ పెడతారు, వెనకాల యుద్ధ విమానం బొమ్మ తిరుగుతుంది, ఇద్దరు రిటైర్డ్ ఆఫీసర్లు అరుచుకుంటారు. నాకు మాత్రం ఈ రెండూ ఒకటే సమస్యలా కనిపిస్తున్నాయి. అది ఎందుకో చెప్పడానికి 2018 మార్చిలో ఒక వారం తీసుకుంటాను. ఆ ఒక్క వారం అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

ఆ నెలలో రక్షణ శాఖ మీద పార్లమెంట్ స్టాండింగ్ కమిటీ రిపోర్ట్ ఒకటి సభ ముందుకు వచ్చింది. అందులో అప్పటి ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ కమిటీకి చెప్పిన మాటలు ఉన్నాయి. మన ఆర్మీ దగ్గర ఉన్న సామగ్రిలో 68 శాతం వింటేజ్, అంటే కాలం చెల్లిన తరానిది. 24 శాతం ఇప్పటి తరానిది. అత్యాధునికమైంది కేవలం 8 శాతం. ఒక ఆధునిక సైన్యానికి ఈ మూడూ తలా మూడో వంతు ఉండాలి అని కూడా ఆయనే చెప్పారు. అంటే సుమారు 33 దగ్గర ఉండాల్సిన పాత సామాను 68 దగ్గర ఉంది.

డబ్బు లెక్క ఇంకా విచిత్రం. ఆ సంవత్సరం ఆర్మీ ఆధునికీకరణకి ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే సంతకాలు అయిపోయి, నడుస్తున్న 125 పథకాలకి కట్టాల్సిన వాయిదాలే 29,033 కోట్లు. మన భాషలో చెప్పుకుందాం. జీతం 21 వేలు, ఈఎంఐలు 29 వేలు. కొత్తగా ఏం కొనాలనే ప్రశ్న పక్కన పెట్టండి, పాత బాకీకే ఎనిమిది వేలు తక్కువ పడుతోంది. ఇది ఎవరో యాక్టివిస్టు చెప్పింది కాదు. యూనిఫాం వేసుకున్న ఆర్మీ వైస్ చీఫ్, పార్లమెంట్ కమిటీ ముందు కూర్చుని రికార్డు మీద చెప్పింది.

ఆ కమిటీ చైర్మన్ ఎవరో కూడా తెలుసుకోవాలి. మేజర్ జనరల్ బీసీ ఖండూరీ. ఆర్మీలో పనిచేసి రిటైరయ్యారు, ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా చేశారు, అధికార పార్టీ ఎంపీ. అంటే బీజేపీ మనిషి, బీజేపీ ప్రభుత్వం ఉన్నప్పుడు, ఆ ప్రభుత్వ బడ్జెట్ సరిపోదని తన కమిటీ రిపోర్టులో రాయించారు. ఆ కమిటీలో అన్ని పార్టీల ఎంపీలూ ఉంటారు, లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. తలుపులు వేసుకుని కూర్చుంటారు, కెమెరాలు ఉండవు. అందుకే అక్కడ నిజాలు మాట్లాడుకుంటారు. వ్యవస్థ ఎలా పనిచేయాలో అలా పనిచేసిన ఒక సందర్భం అది.

ఇక ఆ తర్వాతి సీన్ చూడండి.

అదే వారం, మార్చి 14. లోక్‌సభలో ఆ సంవత్సరం బడ్జెట్ మొత్తం పాసైపోయింది. 99 డిమాండ్లు, ఫైనాన్స్ బిల్లు, అన్నీ కలిపి దాదాపు అరగంటలో. చర్చ లేదు. దీన్ని గిలెటిన్ అంటారు. లోక్‌సభ నియమాల్లో 208వ రూల్ ఉంది. డిమాండ్ల చర్చకి కేటాయించిన ఆఖరి రోజున, చర్చకి రాకుండా మిగిలిపోయిన శాఖల పద్దులన్నిటినీ స్పీకర్ ఒకేసారి ఓటుకి పెట్టేస్తారు. మామూలుగా నాలుగైదు శాఖల మీద చర్చ జరిగి, మిగతావి గిలెటిన్‌కి పోతాయి. ఆ ఏడాది ఒక్క శాఖ మీద కూడా చర్చ జరగలేదు. 68 శాతం పాత సామాను ఉన్న ఆర్మీ పద్దు కూడా అందులోనే వెళ్ళిపోయింది.

మీకు ఆ రోజు న్యూస్ గుర్తుండకపోవచ్చు. ఆ రోజు టీవీలన్నీ గోరఖ్‌పూర్, ఫూల్‌పూర్ ఉప ఎన్నికల కౌంటింగ్‌లో మునిగిపోయి ఉన్నాయి.

సభలో ఎందుకు చర్చ జరగలేదు అంటే, సభ రోజూ గొడవే. కాంగ్రెస్ వాళ్ళు బ్యాంకు కుంభకోణం మీద, ఏఐఏడీఎంకే వాళ్ళు కావేరీ బోర్డు మీద. ఇక మన వాళ్ళు. టీడీపీ, వైసీపీ ప్రత్యేక హోదా కోసం, టీఆర్ఎస్ రిజర్వేషన్ల కోసం వెల్‌లో ప్లకార్డులు పట్టుకుని ఉన్నారు. హోదా డిమాండ్ తప్పని నేను అనట్లేదు. ఆ హామీ పార్లమెంట్‌లో ఇచ్చిందే, అడగాల్సిందే. కానీ సెషన్ ఏప్రిల్ 6 దాకా ఉంది. ఇంకా మూడు వారాల టైం ఉండగానే ప్రభుత్వం గిలెటిన్ వేసేసింది. గొడవ చేసేవాళ్ళు చేస్తూ ఉన్నారు, ఆ గొడవ ప్రభుత్వానికీ పనికొచ్చింది. చర్చ లేకుండా బడ్జెట్ పాస్ అవడం కన్నా ఏ ప్రభుత్వానికైనా ఇంకేం కావాలి?

ఇది ఒక్కసారి జరిగిన వింత అనుకోకండి. 2023 మార్చిలో కూడా సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్ ఇలాగే చర్చ లేకుండా పోయింది. 2025-26లో రక్షణ శాఖకి ఇచ్చింది 6.81 లక్షల కోట్లు. అందులో సుమారు 1.60 లక్షల కోట్లు పెన్షన్లకి, సుమారు 1.80 లక్షల కోట్లు కొత్త కొనుగోళ్ళకి, అంటే క్యాపిటల్ కింద. ఈ రెండు అంకెలు పక్క పక్కన పెట్టి ఒక ఎంపీ గంట మాట్లాడొచ్చు. మాట్లాడితే వినే సభ ఉండాలి కదా.

రెండు రాష్ట్రాలు కలిపి మనకి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఆంధ్ర నుంచి 25, తెలంగాణ నుంచి 17. రక్షణ మనకి దూరం సబ్జెక్టా? విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2010 నుంచి రక్షణ శాఖ కిందే ఉంది. హైదరాబాద్‌లో క్షిపణి ల్యాబులు, బీడీఎల్, మిధాని ఉన్నాయి. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో మన ఆర్మీ వాడే బీఎంపీ-2 సాయుధ వాహనాలు తయారయ్యాయి, వాటికి 'సారథ్' అని పేరు. ఆ డిజైన్ సోవియట్ కాలం నాటిది. ఆ 68 శాతం లెక్క మీద లేచి మాట్లాడటానికి మెదక్ ఎంపీకి, విశాఖ ఎంపీకి ఉన్నంత కారణం దేశంలో ఎంత మందికి ఉంటుంది చెప్పండి?

సరే, ఇది ఒక్క పార్టీ కథ అనుకునేవాళ్ళ కోసం ఆరేళ్ళు వెనక్కి వెళ్దాం. 2012 మార్చి, మన్మోహన్ సింగ్ ప్రభుత్వం. అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ వీకే సింగ్ ప్రధానికి లేఖ రాశారు. ట్యాంకులకి మందుగుండు లేదు, ఎయిర్ డిఫెన్స్ సామగ్రి చాలా వరకు పాతబడిపోయింది అని. ఆ లేఖ పత్రికకి లీకైంది. పార్లమెంట్ అట్టుడికిపోయింది. దేని మీద? లేఖ ఎవరు లీక్ చేశారు అన్న దాని మీద. చీఫ్‌ని తీసేయాలని కొందరు ఎంపీలు డిమాండ్ చేశారు. మందుగుండు సంగతి మాత్రం పక్కకి పోయింది.

ఐదేళ్ళు గడిచాయి, ప్రభుత్వం మారింది. అదే వీకే సింగ్ ఇప్పుడు కేంద్రంలో సహాయ మంత్రి. 2017 జులైలో కాగ్ రిపోర్ట్ వచ్చింది. మన ఆర్మీ నియమం ప్రకారం 40 రోజుల పూర్తి స్థాయి యుద్ధానికి సరిపడా మందుగుండు నిల్వ ఉండాలి. కాగ్ 152 రకాలు చూసింది. 2016 సెప్టెంబర్ నాటికి అందులో 61 రకాలు పది రోజులకి కూడా రావు. 40 రోజులకి సరిపోయేవి 31 మాత్రమే.

నేను ఐటీలో ఉన్నప్పుడు ఆన్ కాల్ డ్యూటీ అని ఉండేది. సర్వర్‌లో డిస్క్ నిండిపోతుంటే రాత్రి రెండింటికి అలర్ట్ వస్తుంది. నిద్ర మత్తులో 'అక్నాలెడ్జ్' అని నొక్కితే చాలు, మోత ఆగిపోతుంది. డిస్క్ మాత్రం నిండుతూనే ఉంటుంది. 2012 లేఖ ఒక అలర్ట్, 2017 కాగ్ ఇంకోటి, 2018 కమిటీ రిపోర్ట్ మూడోది. మన పార్లమెంట్ మూడుసార్లూ ఆ బటనే నొక్కింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎంపీలు ఎందుకిలా ఉన్నారు? చదువుకోనివాళ్ళని పంపిస్తున్నాం, డబ్బున్నవాళ్ళని పంపిస్తున్నాం అనేది రెడీమేడ్ సమాధానం. నేను దాంతో ఒప్పుకోను. మంచి ఎంపీని కూడా ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూడండి, ఆయనకి రక్షణ బడ్జెట్ చదవడం వల్ల వచ్చే లాభం సున్నా. ఎందుకో తెలియాలంటే 1962కి వెళ్ళాలి.

1962 అక్టోబర్‌లో చైనా దాడి చేసింది. అప్పటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్. నెహ్రూకి అత్యంత దగ్గరివాడు. ఆయన పదవి ఎలా పోయింది? ప్రతిపక్షం అప్పుడు చాలా చిన్నది, దానికంత బలం లేదు. కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీలో సొంత ఎంపీలే తిరగబడ్డారు. అక్టోబర్ 31న రక్షణ శాఖ తీసేశారు, నవంబర్ 7న మంత్రివర్గం నుంచే బయటికి పంపారు. మరుసటి రోజు, నవంబర్ 8న, పార్లమెంట్ సమావేశమైంది. అప్పటికి యుద్ధం అయిపోలేదు. చైనా రెండో దాడి ఇంకా రానే లేదు. 37 ఏళ్ళ వాజపేయి లాంటి వాళ్ళు సమావేశం పెట్టమని అడిగితే నెహ్రూ పెట్టారు. యుద్ధం మధ్యలో వారం రోజులు చర్చ నడిచింది, ప్రధాని ముఖం మీదే విమర్శలు చేశారు. సైన్యం మనోబలం దెబ్బతింటుంది, ఇప్పుడు ప్రశ్నలొద్దు అని సభ నోరు మూయించలేదు. నెహ్రూ చైనా పాలసీ మీద నాకు చాలా విమర్శలున్నాయి, అది ఇంకో ఎపిసోడ్. కానీ ఈ విషయంలో ఆయనకి మార్కులు ఇవ్వాలి.

అలాంటి తిరుగుబాటు ఈరోజు ఊహించగలరా? 1985లో 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది, పదో షెడ్యూల్. ఫిరాయింపుల నిరోధక చట్టం. ఆయారామ్ గయారామ్ రాజకీయాలు ఆపడానికి తెచ్చారు, ఉద్దేశం మంచిదే. కానీ అందులో ఒక క్లాజ్ ఉంది. పార్టీ విప్‌కి వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కి రాకపోయినా సభ్యత్వం పోతుంది. ఏ బిల్లు అయినా సరే, ఏ విషయమైనా సరే. ఎంపీ సభలో మాట్లాడొచ్చు, చట్టం ఆ నోరు నేరుగా కట్టేయలేదు. కానీ ఓటు ముందే రాసిపెట్టి ఉన్నప్పుడు మాటకి విలువేముంది? రాత్రంతా కూర్చుని 200 పేజీల కమిటీ రిపోర్ట్ చదివిన ఎంపీ, తెల్లారి సభలో చేసేది ఒక్కటే. పార్టీ చెప్పిన బటన్ నొక్కడం. చదవని ఎంపీ చేసేది కూడా అదే. మరి ఎందుకు చదవాలి?

తమాషా ఏంటంటే, కొనుక్కోవడం మాత్రం ఆగలేదు. మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే విలీనం అంటారు, స్పీకర్ ఏళ్ళ తరబడి నిర్ణయం చెప్పరు. మన రెండు రాష్ట్రాల అసెంబ్లీల్లో చూస్తూనే ఉన్నాం, పేర్లు చెప్పక్కర్లేదు. అంటే ఆ చట్టం ఆపాల్సిన దాన్ని ఆపలేదు. ఆపకూడని దాన్ని ఆపింది.

బ్రిటన్‌లో చూడండి. 2013 ఆగస్టులో సిరియా మీద సైనిక చర్యకి ప్రధాని కామెరాన్ పార్లమెంట్ అనుమతి అడిగారు. 285-272 ఓట్లతో ఓడిపోయారు. ఆయన సొంత పార్టీ ఎంపీలు పాతిక మందికి పైగా వ్యతిరేకంగా ఓటేశారు. ఎవరి సీటూ పోలేదు, ప్రభుత్వమూ పడిపోలేదు. ఇరాక్ యుద్ధంలో ఒకసారి చేతులు కాల్చుకున్న దేశం, రెండోసారి లెక్కలు చూపించమని సొంత ప్రధానినే అడిగింది.

దీనికి మందు మనవాళ్ళే ఎప్పుడో రాశారు. 1990లో దినేష్ గోస్వామి కమిటీ, 1999లో లా కమిషన్ 170వ రిపోర్ట్. ప్రభుత్వం ఉంటుందా పడిపోతుందా అనే ఓటింగ్‌కి మాత్రమే విప్ పరిమితం చేయండి, మిగతా వాటికి ఎంపీని వదిలేయండి అని సారాంశం. ఇందులో ఒక చిక్కు ఉంది, అది దాచను. బడ్జెట్ డిమాండ్ మీద ప్రభుత్వం ఓడిపోతే ప్రభుత్వం పోయినట్టే లెక్క, కాబట్టి అక్కడ విప్ ఉంటుంది. నేను ఓటు సంగతి అడగట్లేదు, చర్చ అడుగుతున్నాను. రక్షణ పద్దుని గిలెటిన్‌లో వేయకూడదు, ఏటా దానికి రెండు రోజులు ఉండాలి, ఆ చర్చ కమిటీ రిపోర్ట్ మీద మొదలవ్వాలి అని లోక్‌సభ తన నియమాల్లో రాసుకోవచ్చు. దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు.

కమిటీల సంగతి ఇంకోటి. ఈ స్టాండింగ్ కమిటీలు 1993 నుంచి ఉన్నాయి, గడువు ఒక్క సంవత్సరం. ఒక ఎంపీకి జలాంతర్గామికీ, డిస్ట్రాయర్‌కీ తేడా తెలిసే లోపు కమిటీ మళ్ళీ వేస్తారు. 2018 సెప్టెంబర్‌లో అలాగే రక్షణ కమిటీని మళ్ళీ వేశారు, చైర్మన్‌గా ఖండూరీ స్థానంలో కల్‌రాజ్ మిశ్రా వచ్చారు. ప్రశ్నలు అడిగినందుకే తీసేశారని కాంగ్రెస్ ఆరోపించింది. ఆ ఆరోపణ జోలికి నేను పోను. నా బాధ వేరే. ఆర్మీలో జీవితం గడిపిన మనిషి, ఆ లెక్కలు అర్థం చేసుకున్న మనిషి, ఏ కారణమూ చెప్పకుండా ఏడాది తిరిగేసరికి మార్చేయగలిగేలా ఆ కుర్చీ తయారై ఉంది. లోక్‌సభ ఐదేళ్ళుంటే కమిటీ కూడా ఐదేళ్ళుండాలి. కంపెనీలో టీమ్ లీడ్‌ని ఏడాదికోసారి మారిస్తే ప్రాజెక్ట్ ఏమవుతుందో మీలో చాలా మందికి తెలుసు.

"ఇవన్నీ బయట మాట్లాడితే పాకిస్తాన్ వినదా బ్రో?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని విషయాలు రహస్యంగానే ఉండాలి. ఏ యూనిట్ ఎక్కడుంది, ఏ క్షిపణి ఏ సంఖ్యలో ఉంది అని సభలో చదవమని ఎవరూ అనట్లేదు. అందుకే మూసిన గదిలో కమిటీ ఉంది. కానీ మన ట్యాంకులు ఏ సంవత్సరం మోడలో పక్క దేశం గూఢచారి సంస్థకి తెలియదనుకోవడం అమాయకత్వం. ఉపగ్రహాలున్నాయి, మన టెండర్లున్నాయి, అమ్మిన కంపెనీల బ్రోచర్లున్నాయి. ఇక్కడ చీకట్లో ఉండేది పన్ను కట్టే మనమే.

ఈ చీకటి ఎక్కడ తగులుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. 2020 ఫిబ్రవరిలో కాగ్ ఇంకో రిపోర్ట్ పార్లమెంట్ ముందు పెట్టింది. సియాచిన్, లడఖ్ లాంటి ఎత్తైన ప్రాంతాల్లో ఉండే జవాన్ల సామగ్రి గురించి. మంచు కళ్ళద్దాల కొరత 62 నుంచి 98 శాతం. కొత్త బూట్లు రాక పాతవాటినే రీసైకిల్ చేసి వాడుకున్నారు. సభ ముందు పెట్టారు, అయిపోయింది. నాలుగు నెలల తర్వాత, జూన్ 15 రాత్రి గల్వాన్. 20 మంది పోయారు. ఆ యూనిట్‌కి కమాండింగ్ ఆఫీసర్ మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు. ఆ రాత్రి ప్రాణాలు బూట్ల వల్ల పోయాయని నేను అనట్లేదు, అలా ఎవరైనా అంటే అది అబద్ధం. అయితే ఆ తర్వాత చలికాలానికి వేల మంది జవాన్లని అదనంగా అక్కడ నిలబెట్టాల్సి వచ్చింది. అప్పుడు హడావిడిగా అమెరికా నుంచి చలి దుస్తులు తెప్పించుకున్నాం. కాగ్ చెప్పింది ఫిబ్రవరిలో.

ఆ సెప్టెంబర్‌లో పార్లమెంట్ కలిసింది. కోవిడ్ వల్ల ప్రశ్నోత్తరాల సమయం రద్దు. రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో ప్రకటన చేశారు, దాని మీద చర్చకి ఒప్పుకోలేదు, కాంగ్రెస్ వాళ్ళు వాకౌట్ చేశారు. 1962లో యుద్ధం జరుగుతుండగా వారం చర్చ. 2020లో ఒక ప్రకటన.

మన దగ్గర వ్యవస్థలో మార్పు ఎంత నిదానమో కార్గిల్ తర్వాత చూశాం. 1999లో కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కార్గిల్ రివ్యూ కమిటీ వేశారు. ఆయన రిపోర్టులో ఎక్కువ భాగం బయటపెట్టారు, అది మెచ్చుకోవాలి. 1962 మీద ఆర్మీ రాసుకున్న హెండర్సన్ బ్రూక్స్ రిపోర్ట్‌ని ఇప్పటికీ ప్రభుత్వం అధికారికంగా బయటపెట్టలేదు. కార్గిల్ రిపోర్ట్ మీద మంత్రుల బృందం 2001లో సిఫార్సులు ఇచ్చింది. త్రివిధ దళాలకి ఉమ్మడిగా ఒక చీఫ్, అంటే సీడీఎస్, అందులో ముఖ్యమైంది. జనరల్ బిపిన్ రావత్ ఆ పదవిలో కూర్చుంది 2020 జనవరి 1న. మూడు ప్రభుత్వాలు మారాయి, దాదాపు 19 ఏళ్ళు. 2021 డిసెంబర్‌లో రావత్ హెలికాప్టర్ ప్రమాదంలో పోతే, తర్వాతి సీడీఎస్ రావడానికి తొమ్మిది నెలలకి పైగా పట్టింది. ఇన్నేళ్ళలో ప్రతి సెషన్‌లో ఒక్క ఎంపీ అయినా "ఎంతవరకు వచ్చింది?" అని వెంటపడి ఉంటే ఇన్నేళ్ళు పట్టేదా?

చివరిగా ఒక పని చెప్పి ముగిస్తాను. సంసద్ డాట్ ఇన్ అని పార్లమెంట్ వెబ్‌సైట్ ఉంది. అందులో మీ ఎంపీ పేరు కొడితే ఆయన అడిగిన ప్రశ్నలన్నీ వస్తాయి, మంత్రిత్వ శాఖల వారీగా. రక్షణ శాఖ సెలెక్ట్ చేసి ఎన్ని ఉన్నాయో చూడండి. రక్షణ స్టాండింగ్ కమిటీ సభ్యుల లిస్ట్ కూడా అక్కడే ఉంటుంది, అందులో మన రెండు రాష్ట్రాల వాళ్ళు ఎవరున్నారో చూడండి. కమిటీ రిపోర్టులు పీడీఎఫ్‌లుగా ఉంటాయి, ఇంగ్లీష్ కష్టమే కానీ బీటెక్ నాలుగేళ్ళ సిలబస్ కన్నా నయం. మీ ఎంపీ ఈసారి ఊరికి వచ్చినప్పుడు రోడ్డు అడగండి, డ్రైనేజీ అడగండి, దాంతో పాటు ఇదొక్కటి కూడా అడగండి: "సార్, ఈ ఏడాది రక్షణ కమిటీ రిపోర్ట్ చదివారా?" ఏం సమాధానం వచ్చిందో నాకు రాసి పంపండి. సరిపడా వస్తే వాటి మీదే ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఉంటాను. జై హింద్.